పొగమంచులో చూపించిన ఊరు

హెల్లొయ్ దీవి,
18 జూన్ 2019, మంగళవారం.

మాగ్న్‌హిల్డ్‌కి,

తూర్దిస్ రాస్తున్నది. నిన్న మధ్యాహ్నం పడవకి క్షేమంగా ఇల్లు చేరాను. ఇక్కడ గాలి తగ్గి ఎండ కాస్తోంది. మా అత్తగారి మోకాళ్ళు ఎప్పటిలాగే ఆవిణ్ణి తిడుతున్నాయి, ఆవిడ నన్ను తిడుతోంది. అక్కడ నువ్వూ ఒడ్వార్ కులాసాగా ఉన్నారనీ, మీ కవలలిద్దరూ స్కౌట్ క్యాంపు నుంచి జలుబు చేయకుండా తిరిగొచ్చారనీ అనుకుంటాను.

ఒకరింట్లో తిని పడుకుని వచ్చాక వారం తిరక్కుండా ధన్యవాదాలు చెప్పుకోవాలని మన అమ్మలు మనకి నేర్పారు. ఫోనులో రెండు ముక్కలు కొట్టి పక్కన ఒక పువ్వు బొమ్మ పెడితే సరిపోయేది, ఇప్పుడందరూ చేసేది అదే. నేను చెప్పుకోవలసింది ఆ రెండు ముక్కల్లో పట్టదు. అందుకే కాగితం తీసుకున్నాను.

ముందు ధన్యవాదాలే చెబుతాను. శుక్రవారం నేను విమానాశ్రయం బస్సు దిగేసరికి ఒడ్వార్ పెద్ద గొడుగుతో నిలబడి ఉన్నాడు. ఇక్కడ ఎప్పుడూ వానే, గొడుగు లేనివాళ్ళని చూస్తే మా ఊళ్ళో గుర్రాలు బెదిరిపోతాయి, రా రా, అన్నాడు. మన దీవి వదిలిన రెండేళ్ళకే బెర్గెన్ ‘మా ఊరు’ అయిపోయింది. నువ్వు గుమ్మంలోనే కౌగిలించుకుని, ‘ఎంత చిక్కిపోయావే, ఆ దీవిలో నీకు తిండి పెట్టేవాళ్ళే లేరా’ అన్నావు. గొంతు లోపల్నుంచి గీరుకుంటూ వచ్చే అక్కడి ‘ర’ నీ నోట్లో చేరిందని అప్పుడే గమనించాను. మన యాస ఏ సముద్రంలో పారేశావే అని అడిగితే, ‘పిల్లల్ని బళ్ళో వెక్కిరిస్తుంటే ఇంటిల్లిపాదీ మార్చేసుకున్నాం’ అన్నావు. ఇద్దరం నవ్వుకున్నాం. ఒకే బల్ల మీద కూర్చుని ఒకే పెన్సిల్ కొరుక్కుని చదువుకున్న వాళ్ళం కదా, ఆ నవ్వు నిజమైనదే. దాన్ని వెనక్కి తీసుకోవటం లేదు.

నాకిచ్చిన గది బాగుంది. కిటికీలోంచి ఇళ్ళ కప్పులు మెట్లు మెట్లుగా రేవు దాకా దిగిపోతూ కనిపించాయి. మూడు రోజులకీ ఏం చేయాలో, ఎక్కడ తినాలో రంగు పెన్నులతో రాసి ఫ్రిజ్ మీద అంటించావు. ఎవరైనా నా కోసం ఇంత ఆలోచించి చాలా కాలమైంది. ఆస్లే పోయాక మూడేళ్ళుగా నా లోకమంతా నా క్షౌరశాల కుర్చీ చుట్టూ ఆరడుగులు. ‘ఒక్కసారి కదిలి రావే, మా ఊరంతా తిప్పి చూపిస్తాం’ అని నువ్వు ఫోన్ చేసినప్పుడు, బట్టలు సర్దుకుంటూ నేను కూనిరాగం తీశానట. మా అత్తగారు ఆశ్చర్యపోయి చెప్పింది.

శుక్రవారం సాయంత్రం చినుకుల్లోనే బ్రిగ్గెన్ చెక్క ఇళ్ళ మధ్య సందుల్లో తిరిగాం. వేడి వేడి దాల్చినచెక్క రొట్టె సంచిలోంచి తీసి ఇచ్చావు. ఒడ్వార్ ప్రతి మలుపులోనూ ఆగి, ఇక్కడ ఫలానా, ఇక్కడ ఫలానా అని చెబుతూనే ఉన్నాడు. నోరు మూస్తే ఎక్కడ నేనేదైనా అడుగుతానో అన్నట్టు చెప్పాడు. అప్పుడలా అనిపించలేదు. ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది.

శనివారం పొద్దున రేవు దగ్గర, ఇటు ఒడ్డు నుంచి అటు ఒడ్డుకి తిరిగే ఆ చిన్న పడవ ఎక్కుదామన్నాను. నీటి మీద పుట్టినదాన్ని, కాళ్ళు లాగాయి. ఒడ్వార్ వెంటనే, ‘అది యాత్రికులెక్కేది తూర్దిస్, మనం నడుద్దాం, కడుపు తగ్గుతుంది’ అని తన పొట్ట తట్టుకున్నాడు. రేవు చుట్టూ అంత దూరం నడిచాం. నువ్వు నీ బూట్లకేసి చూస్తూ నడిచావు.

నూర్ద్‌నెస్ పార్కులో నువ్వు ఐస్‌క్రీమ్ కోసం వెళ్ళినప్పుడు మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. రూనా ఎలా ఉందని ఒడ్వార్ అడిగాడు. అడిగాడు కాబట్టి చెప్పాను. నీకు ఆ సంగతి చెప్పాడో లేదో, అందుకే మళ్ళీ రాస్తున్నాను.

నా కూతురు ఓడల మీద అధికారి కావాలని నావికా విద్యాలయంలో చేరిందని మీకు తెలుసు. చేరిన మొదటి నెలలోనే ఒక పాఠం చెప్పారట, తాగి చుక్కాని పడితే ఏమవుతుందని. ఉదాహరణకి మన తీరంలో జరిగిన ప్రమాదమే తీసుకున్నారు. పేరు చెప్పలేదు. మ్యాపు మీద బండ ఎక్కడుందో చూపించారు, ఏ వేపు నుంచి వచ్చి గుద్దుకున్నారో గీత గీశారు. ఆ గదిలో ముప్ఫై మంది మధ్య కూర్చుని తన తండ్రి చావుని రూనా చూసింది. పాఠం చెప్పినాయనకి తెలియదు, ఆయన్నేమీ అనను. పక్కన కూర్చున్న కుర్రాడికి మాత్రం తెలుసు, వాడిది మన పక్క దీవే. ఆ సాయంత్రానికి క్లాసంతా తెలిసింది. ‘బండకెక్కించినోడి కూతురు’ అనే పేరు స్థిరపడింది. పోయిన వసంతంలో రూనా తండ్రి ఇంటిపేరు తీసేసి మా పుట్టింటి పేరు పెట్టుకుంది. ఇప్పుడు కాగితాల మీద ఆస్లేకి కూతురు లేదు.

ఇదంతా చెప్పాను.  ఒడ్వార్ తల వంచుకుని, ‘తూర్దిస్, నేను నీతో...’ అన్నాడు.  అంతలో తలెత్తి, ‘అదిగో ఆ ఓడ చూడు, ఉత్తరానికి పోయేది, నాలుగు రోజుల్లో మన వేపే వెళుతుంది’ అన్నాడు. నువ్వు ఐస్‌క్రీములు పట్టుకుని వచ్చావు. నాది కరిగి మోచేతి దాకా కారింది.

ఇక శనివారం సాయంత్రం సంగతి. రొయ్యలు అద్భుతంగా ఉన్నాయి మాగ్న్‌హిల్డ్. పొద్దుటే పట్టినవని ఒడ్వార్ గొప్పలు పోయాడు, నిజమే. మధ్యలో పెద్ద గిన్నె, పక్కన తెల్ల రొట్టె, నిమ్మకాయ ముక్కలు, చల్లటి వైను. ఎదురింటి యూరున్, ఆవిడ భర్త స్టైనార్ వచ్చారు. వాళ్ళకి నన్ను ‘మాగ్న్‌హిల్డ్ చిన్ననాటి స్నేహితురాలు, జుట్టు కత్తిరించడంలో దీవిలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు’ అని పరిచయం చేశారు. ఎవరి భార్యనో చెప్పలేదు. పరిచయాల్లో అన్నీ చెప్పరు కదా అని సరిపెట్టుకున్నాను.

స్టైనార్ మంచివాడే, కాస్త వాగుడుకాయ. ‘ఒడ్వార్, సముద్రం వాసన లేకుండా నీకు నిద్ర పట్టదంటావు, మరి పడవ అమ్మేసి ఆఫీసు కుర్చీలో ఎందుకు పడ్డావయ్యా’ అని అడిగాడు. అడిగినవాడు తెలియక అడిగాడు. జవాబు చెప్పేవాడికి అన్నీ తెలుసు, ఎదురుగా నేనున్నానని కూడా తెలుసు. మాట తప్పించడానికి లక్ష దారులున్నాయి. పొద్దుట్నుంచీ తప్పిస్తూనే ఉన్నాడు, అలవాటైన విద్యే. కానీ రెండు గ్లాసులు దిగాయి, వినేవాళ్ళు దొరికారు.

‘ఒక ప్రమాదం జరిగింది’ అని మొదలుపెట్టాడు. పక్క దీవిలో పెళ్ళికెళ్ళి తిరిగొస్తున్నాం, నేనూ నా స్నేహితుడొకడూ, అన్నాడు. స్నేహితుడు బాగా తాగి ఉన్నాడు, చుక్కాని నాకివ్వరా అంటే ఇవ్వలేదు, మొండివాడు, అన్నాడు. బండ కనిపించింది, అరిచాను, చెయ్యి పట్టుకుని లాగాను, వినలేదు, అన్నాడు. భుజం ఎముక విరిగినా వాడి కాలరు పట్టుకుని గంటసేపు నీళ్ళలో తేలానని చెప్పి, చొక్కా పక్కకి లాగి మచ్చ చూపించాడు. ఎన్నోసార్లు చెప్పి నున్నగా అరగదీసిన కథ అది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో అన్నీ తెలుసు.

యూరున్ కళ్ళు తుడుచుకుంది. ‘తాగుబోతులు తాము పోవడమే కాకుండా పక్కవాళ్ళ బతుకులు కూడా ముంచుతారు, పాపం ఒడ్వార్’ అంది. స్టైనార్ అతని భుజం తట్టాడు, మచ్చ లేని భుజం.

నువ్వు కాఫీ తెస్తానని లేచి వెళ్ళావు. వంటింట్లో కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది. కాఫీ రాలేదు.

నా చేతిలో సగం ఒలిచిన రొయ్య ఉంది. దాన్ని పూర్తిగా ఒలిచి పళ్ళెంలో పెట్టి, వేళ్ళు తుడుచుకుని, ఆ స్నేహితుడి పేరేమిటి ఒడ్వార్, అని అడిగాను. ‘ఇప్పుడు పేరెందుకులే’ అన్నాడు. చెప్పు, వీళ్ళకి తెలియాలి కదా, అన్నాను. ఒక నిమ్మకాయ ముక్క అందుకున్నాడు. ‘ఆస్లే’ అని నేనే చెప్పాను. ‘ఆయన పేరు ఆస్లే. నా భర్త.’

ఆ తరవాత బల్ల దగ్గర ఎలా ఉందో నీకు కనిపించలేదు, వంటింట్లో ఉన్నావు. యూరున్ మొహం సున్నం కొట్టినట్టయింది. పాపం ఆవిడ తప్పేముంది, క్షమించమ్మా అని నా చెయ్యి పట్టుకుంది. ఒడ్వార్ మాత్రం, ‘జరిగింది జరిగినట్టు చెప్పాను తూర్దిస్, చచ్చిపోయినవాణ్ణి నేనేం తిట్టలేదే’ అన్నాడు. వాళ్ళు పది నిమిషాల్లో వెళ్ళిపోయారు. మిగిలిన రొయ్యలు నువ్వు డబ్బాలో సర్దావు. పక్కన నిలబడి నేను మూతలు పెట్టాను.  ఆడవాళ్ళు గిన్నెలు కడుక్కుంటూ ఎన్నెన్ని మింగుతారో మన అమ్మలు నేర్పకుండానే నేర్చుకున్నాం.

ఆదివారం లేచేసరికి ఇల్లంతా ఏమీ జరగనట్టు ఉంది. కోడిగుడ్లు, జున్ను, రొట్టె, కొవ్వొత్తి. ఫ్రిజ్ మీద కాగితంలో కొండ రైలు అని ఉంది కాబట్టి కొండ రైలెక్కించారు. పైకెళ్ళేసరికి పొగమంచు దిగింది. చెయ్యి చాపితే వేళ్ళు కనిపించనంత తెలుపు. రెయిలింగు దగ్గర నిలబడి ఒడ్వార్ వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. అదిగో అక్కడ మా ఇల్లు, అదిగో రేవు, ఆ పక్కన నిన్న నువ్వు కూర్చున్న పార్కు. అంతా తెల్లగా ఉంది. లేనిదాన్ని అంత ధీమాగా చూపించేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. నేను కూడా, ఆహా, అవునా, అని తల ఊపాను. అతిథిని కదా.

నువ్వు కొండ మీద పెంచే మేకల్ని చూడ్డానికి పక్కకెళ్ళినప్పుడు అతను నా దగ్గరికొచ్చాడు. ఇప్పుడైనా చెబుతాడనుకున్నాను. ‘రాత్రి ఇరుగుపొరుగు ముందు నా పరువు తీశావు, ఈ ఊళ్ళో మేం కొత్తగా బతుకు కట్టుకుంటున్నాం, అది కాస్త ఆలోచించాల్సింది’ అన్నాడు. అతని పరువు. వింటున్నావా మాగ్న్‌హిల్డ్? మా ఇంట్లో ఆ మాట మూడేళ్ళ కిందటే అటక ఎక్కింది. క్షౌరశాలలోకి నేను అడుగుపెట్టగానే జనం మాట మార్చేస్తారు. ఆస్లే సమాధి మీద ఎవరో ఖాళీ సీసా పెట్టిపోతే, మా అత్తగారు ఆ మోకాళ్ళతో వంగి తీసి కోటులో దాచుకుని ఇంటికి తెచ్చింది. మీరు ఊరు మారారు, యాస మార్చుకున్నారు. మేం ఇక్కడే ఉన్నాం.

సోమవారం పొద్దున బస్సు దగ్గరికి నువ్వొక్కదానివే వచ్చావు. నేను నిన్ను ఒకే ఒకటి అడిగాను. అతను ఆ కథ ఇకమీదట ఎవరికీ చెప్పకుండా నువ్వైనా ఆపగలవా అని. నువ్వు నా కోటు గుండీలు సరిచేస్తూ, ‘అతనికి అదొక్కటే ఊరటే, చెప్పుకోనీ. అయినా నీకేం తెలుసు తూర్దిస్, ఆ పూట పడవలో నువ్వు లేవుగా’ అన్నావు. మెత్తగానే అన్నావు. చిన్నప్పుడు నా మోకాల్లో ముల్లు దిగితే తీసినంత మెత్తగా. బస్సు తలుపు మూసుకుంది. నువ్వు చెయ్యి ఊపావు. నేను కూడా ఊపాను. ఆ చెయ్యి ఎందుకు ఊపానా అని అప్పట్నుంచీ అనుకుంటున్నాను.

మంచి పరుపు, మంచి రొయ్యలు, తడవకుండా గొడుగు, అన్నిటికీ కృతజ్ఞురాలిని. ఊరు అందంగా ఉంది. ఇంక నన్ను పిలవకు. కవలలకి నా ముద్దులు, వాళ్ళతో నాకే తగువూ లేదు.

ఒకప్పుడు నీ బల్ల పంచుకున్న,
తూర్దిస్

తా.క.: ఇది మంగళవారమే మడిచి కవరులో పెట్టాను. ఇవాళ శుక్రవారం. మళ్ళీ విప్పాను.

నువ్వన్నది నిజం. పడవలో నేను లేను. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన ఉన్నాను. ఆస్లే కళ్ళు తెరవకుండానే పోయాడని మీరనుకున్నారు, ఊరంతా అనుకుంది, నేను అనుకోనిచ్చాను. రెండో రోజు పొద్దున నర్సు పక్క గదికి వెళ్ళినప్పుడు ఆయన కళ్ళు తెరిచాడు. కేకేయబోతే నా మణికట్టు పట్టుకున్నాడు. ‘చుక్కాని ఒడ్వార్ చేతిలో ఉందే. నేను తీసుకుంటానంటే తోసేశాడు. వాడికి చిన్నపిల్లలు, నిజం తెలిస్తే లోపలేస్తారు. బతికితే నేనే వాడి చెంప పగలగొట్టి చెప్పిస్తాను. పోతే నువ్వు ఊరుకో’ అన్నాడు. నర్సు వచ్చేసరికి కళ్ళు మూసేశాడు. మళ్ళీ తెరవలేదు.

ఊరుకున్నాను. విచారణలో ఒడ్వార్ చెప్పినదంతా వింటూ, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నీ కవలల కోసం ఊరుకున్నాను. పోయినవాడికి పేరుతో పనేముందిలే అనుకున్నాను. నువ్వు పిలిచినప్పుడు, ఇన్నాళ్ళకి అతను చెప్పాలనుకుంటున్నాడని నమ్మి వచ్చాను. పోలీసులకి కాదు, ఊరికి కాదు. నాకొక్కదానికి చెబితే చాలనుకున్నాను. ఆ బెంచీ మీద చెప్పి ఉంటే, అతన్ని క్షమించి, ఆ మాట నాతోనే మట్టిలో కలిసిపోయేదాకా దాచుకునేదాన్ని. అతను ఓడ చూపించాడు.

నిన్న రూనా సెలవుకి ఇంటికొచ్చింది. చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఎప్పట్నుంచి తెలుసు అని అడిగింది. మొదట్నుంచీ, అన్నాను. ‘నేను నాన్న పేరు తీసేస్తూ సంతకం పెడుతుంటే నా పక్కనే నిలబడి ఉన్నావు కదమ్మా’ అంది.  సంచీ తీసుకుని నాయనమ్మ గదిలోకి వెళ్ళి పడుకుంది. ఇవాళ పొద్దున కాఫీ తాగింది, రొట్టె తింది, నాతో మాత్రం మాట్లాడలేదు. బహుశా ఇక మాట్లాడదు. మీ పిల్లలకి తండ్రిని మిగల్చబోయి నేను నా పిల్లని పోగొట్టుకున్నాను.

ఈ ఉత్తరం తపాలాలో వేయటం లేదు. నేనే తీసుకెళతానని, రూనా తలుపు అవతల నుంచి ఆ ఒక్క మాటే చెప్పింది. నువ్విది చదువుతున్నావంటే తను మీ గుమ్మంలో నిలబడి ఉంది. చదవడం అయింది కదా, ఒడ్వార్‌ని పిలువు.